గురుత్వ తరంగములు: మన వేధశాల

1916వ సంవత్సరమున ఐన్‌స్టీను మహాశయుడు గణితబలముచే ఊహించిన గురుత్వ తరంగములు దాదాపు నూఱేండ్లకు గాని మానవునకు ప్రత్యక్షము కాలేదు. 2015 సెప్టెంబరు 14వ తేదీన అమెరికాలోని హాన్‌ఫర్డు, లివింగ్‌స్టన్ వేధశాలలు వానిని తొలిసారి పట్టుకొనినవి. సుమారు 130 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు ఢీకొని యేకమైనపుడు, మూడు సూర్యుల ద్రవ్యరాశి తరంగశక్తియై విశ్వమున వ్యాపించినది. అంతటి ప్రళయము భూమిని చేరునప్పటికి, నాలుగు కిలోమీటర్ల యంత్రబాహువుల కొనలనున్న అద్దములను ప్రోటాను వ్యాసమున నూఱవవంతు కంటెను తక్కువగా కదలించినది. ఆ కదలికను లేజరు కిరణములతో కొలిచిన బుద్ధి శ్లాఘనీయము.

ఈ విద్యయందు భారతీయుల పాలు స్వల్పము గాదు. కలతనొందిన కృష్ణబిలము వెలువరించు స్పందనమును 1970లో గణించి చూపినవారు సి. వి. విశ్వేశ్వర. ఘోషలో మఱుగుపడిన తరంగమును వేఱుపఱచు విధానములకై పూనాలో సంజీవ ధురంధర్ ప్రభృతులు చిరకాలము కృషి చేసిరి. మనకు మేధ గలదు, యంత్రమే లేదు.

మహారాష్ట్రమున హింగోలి జిల్లాలో, 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమున చేరియుండిన సీమలో, వేధశాల నిర్మించుటకు కేంద్రప్రభుత్వము 2016 ఫిబ్రవరిలో సూత్రప్రాయముగా సమ్మతించెను. 2,600 కోట్ల రూపాయల అంచనాతో తుది యామోదము 2023 ఏప్రిలులో గాని లభింపలేదు. ఆ నడుమ జపాను తన కాగ్రా యంత్రమును 2020లోనే పనిలోనికి దించినది. ఏడేండ్ల యీ కాలహరణమునకు సమాధానమేమి?

పేదదేశమున కీ వినోదమేల యని కొందఱు ప్రశ్నింతురు. ఇది వినోదము గాదు. తరంగమే దిక్కునుండి వచ్చెనో యెఱుగుటకు దూరదూరములనున్న యంత్రములు వలయును. 2017 ఆగస్టులో రెండు న్యూట్రాను తారలు ఢీకొనినపుడు, ఇటలీలోని విర్గో తోడుపడుటచే వెదుకవలసిన ఆకాశభాగము 190 చదరపు డిగ్రీలనుండి సుమారు 30కి తగ్గెను. దూరదర్శినులు దాని వెలుగును కనుగొనగలిగెను. హింగోలి వేధశాల చేరిన నీ దిఙ్నిర్ణయము మఱింత నిశితమగును. అదియునుగాక, శూన్యనాళములను, లేజరులను, కంపనిరోధక సాధనములను నిర్మింపనేర్చిన యువకులు దేశమునకు ధనము.

లోకము మనకొఱకు వేచియుండదు. భూకంపనముల వలన భూమిపై వినరాని మందగతి తరంగములకై, 25 లక్షల కిలోమీటర్ల యెడముగల మూడు నౌకలను 2035 ప్రాంతమున నంపుటకు ఐరోపా అంతరిక్షసంస్థ 2024 జనవరిలో నిశ్చయించినది.

కావున ప్రభుత్వము ఏటేట ధనమును సకాలమున విడుదల చేసి, పని యెంతవఱకు సాగెనో పార్లమెంటునకు నివేదింపవలయును. శంకుస్థాపన ఫలకము తరంగములను పట్టజాలదు.