రంగు చూచి పేరు పెట్టవచ్చునా?

ప్రకృతిశాస్త్రము చదువు విద్యార్థులకు ప్రాణుల పేళ్లు నేర్చుటయందు మిక్కిలి మక్కువ. మక్కువ మంచిదే. కాని పేరు దొరకిన వెంటనే పరిశీలన ముగిసినదని తలంచుట మంచిది కాదని నా యభిప్రాయము. ఉష్ణమండల సముద్రములలో రాతిదిబ్బలపైనను పగడపుదిబ్బలపైనను నివసించు నొక పెద్దనత్త ఇందులకు చక్కని నిదర్శనము.

దీనికి గుల్ల లేదు. 40 సెంటీమీటర్ల వఱకు పెరుగును. పగలు రాతిసందులలో దాగి, రాత్రివేళ స్పంజీలను దినుటకు వెలువడును. కదిపినచో, చుట్టుకొనియున్న దేహపుటంచులను విప్పి, ఎఱ్ఱని పావడ నాడించుచు నాట్యమాడు స్త్రీవలె నీదును. అందుచేతనే దీనిని స్పానిష్ నర్తకి యందురు. రుప్పెల్, లైకార్ట్ అను జర్మను శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దమున ఎఱ్ఱసముద్రమునుండి దీనిని వర్ణించిరి. శాస్త్రమున దీని పేరు హెగ్జాబ్రాంకస్ సాంగ్వినియస్. అనగా రక్తవర్ణము గల యాఱుమొప్పలది.

పేరులో రక్తవర్ణ మున్నను రంగును నమ్మరాదు. కొన్నింటియందు పసుపును తెలుపును కలసియుండును. పిల్లలు పెద్దవానిని పోలవు. ఎఱ్ఱనై యీదు చదునుపురుగులును కలవు. వానికి మొప్పలే లేవు. సముద్రపుకుందేళ్లని పిలువబడు నత్తలలో కొన్నియు నీదును. వాని మొప్ప ప్రక్కరెక్కల నడుమ దాగియుండును. నర్తకికి మొప్పకుచ్చులు వీపున వెనుకభాగమున బయటికే కానవచ్చును. దీని దగ్గఱి చుట్టములలో పెక్కింటికి మొప్పలన్నియు నొక్క గుంటలోనికి ముడుచుకొనును; దీనికి ఒక్కొక్క కుచ్చు వేఱువేఱుగ దేహమునుండి మొలచియుండును. ఇదియే నమ్మదగిన గుఱుతు.

అంతటితో నైన పని ముగిసెనా? లేదు. రంగుభేదములను బట్టి పూర్వులు దీనికి పెక్కు పేళ్లు పెట్టిరి. 2002లో ప్రకటింపబడిన యొక పరిశీలన హిందూ-పసిఫిక్ సముద్రముల వాని నన్నింటిని ఒకే జాతిగ నెంచెను. 2023లో డీ.ఎన్.ఏ.ను శరీరనిర్మాణమును కలిపి చూచినవారు అందు ఒకటికంటె నెక్కువ జాతులు కలవని తేల్చిరి.

ఇట్లు మాఱు పేళ్లు వ్యర్థములని కొంద ఱనవచ్చును. నే నట్లనను. ఒక సముద్రమునకే పరిమితమైన జాతిని అన్నిచోట్ల నున్నదానిగ వ్రాసికొన్నయెడల, అది యచ్చట నశించినను ఎవరును గమనింపరు. పుస్తకములలో మాత్రము అది బ్రదికియే యుండును.

కావున విద్యార్థులారా, ముందు చూచినది వ్రాయుడు: చోటు, తేది, లోతు, పొడవు, మొప్పల తీరు. ఛాయాచిత్రము తీయుడు. నాట్యము చూచు వేడుకకై ప్రాణిని కదలింపకుడు, ఱాతినుండి పెకలింపకుడు. పేరు చివర వ్రాయుడు. రేపు పండితులు పేరు మార్చినను, ఉన్నదున్నట్లు వ్రాసిన మీ వర్ణన వారికి పనికివచ్చును.