హవా తాగే బ్యాటరీ

తిరువూరులో మా నానీమా చెవి మిషన్‌కి శనగబద్దంత జింక్ బ్యాటరీ వేస్తాం. స్టిక్కర్ పీకితే హవా లోపలికెళ్లి కరెంటు పుడుతుంది. వారం, పది రోజుల్లో ఖతం!

దీన్నే మళ్లీ మళ్లీ చార్జ్ చేయగలిగితే? పెద్ద ముష్కిల్ హవా వైపే. వాడేటప్పుడు ఆక్సిజన్‌ను లోపలికి తీసుకుని రసాయన చర్యలో వాడుకోవాలి, చార్జింగ్‌లో తిరిగి బయటికి పంపాలి. రెండూ సుస్తీ పనులే. అందుకే సుమారు 2 వోల్టులు పోస్తే 1.2 వోల్టులే చేతికొస్తాయి. ఈ నుక్సాన్ తగ్గించేది ఉత్ప్రేరకం.

మొదటి పనికి ప్లాటినం, రెండో పనికి ఇరిడియం ఉస్తాదులు. కానీ గరీబు ఇళ్లకు ఆ ఖరీదు అందుతుందా? ఇనుము, నైట్రోజన్, కార్బన్ కలిపిన సస్తా ఉత్ప్రేరకాలు మొదటి పనిలో ప్లాటినానికి దీటుగా నిలుస్తున్నాయి. చార్జింగ్‌లో కార్బన్ తినేసుకుపోవడమే వాటి కమ్‌జోరీ.

నా రాయ్ ఇదే: మొదటి రోజు తాకత్ చూసి మురిసిపోవద్దు. వెయ్యోసారి చార్జ్ చేసినా నిలిచేదే అసలు ఉత్ప్రేరకం. కెమిస్ట్రీ చదివే మన బేటీలు, బేటాలు ఈ మెహనత్‌కి ముందుకు రావాలి.