అందరి వేళ్ళూ నర్సమ్మ వైపే

గురుకులంలోనో, ఆశ్రమ పాఠశాలలోనో పిల్లలు జబ్బుపడ్డారన్న వార్త వచ్చిన ఒకటి రెండు రోజులకి పేపర్లో తరచుగా ఇంకో చిన్న వార్త కనిపిస్తుంది. విధుల్లో నిర్లక్ష్యం చూపినందుకు అక్కడి ఏఎన్‌ఎమ్‌నో, స్టాఫ్ నర్సునో తొలగించారని. మొత్తం కలిపి నాలుగు వాక్యాలుంటాయి. ఆమె ఎంతమంది పిల్లల్ని చూస్తోంది, ఆ రాత్రి ఎక్కడుంది, నీళ్ళ ట్యాంకు గురించి అంతకు ముందే ఎవరికైనా చెప్పిందా అన్న ప్రశ్నలకి ఆ నాలుగు వాక్యాల్లో చోటుండదు. ఫైలు మూసెయ్యడానికి ఒక ఆడమనిషి దొరికింది, అంతే!

2024 అక్టోబరు చివర్లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో తిండి వికటించి పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. వాళ్ళలో ఒక బాలిక నవంబరులో హైదరాబాదు నిమ్స్‌లో చనిపోయింది. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు వ్యాపించి వందమందికి పైగా ఆస్పత్రుల్లో చేరారు. ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. ఈ రెండు చోట్లా ఎవరి మీద ఏ చర్య తీసుకున్నారన్నది ఇక్కడ మన చర్చ కాదు. ఇలాంటి ఘటనల మూలాలు ఎక్కడుంటాయన్నది చర్చ. బియ్యం, పప్పు, నూనె సరఫరా చేసేది నర్సు కాదు. బోరు ఎక్కడ వెయ్యాలో, మరుగుదొడ్లు ఎక్కడ కట్టాలో నిర్ణయించేది నర్సు కాదు. కానీ ఒళ్ళు కాలిపోతున్న పిల్ల నుదుటి మీద మొదట చెయ్యి వేసి చూసేది ఆమె. అందుకే తప్పెవరిదని వెతికేవాళ్ళ కంటికి మొదట ఆనేది కూడా ఆమే.

తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా తరగతికి 80 మంది లెక్కన 640 మంది పిల్లలుంటారు. చాలా చోట్ల వాళ్ళందరికీ ఒక్కరే నర్సు. తెల్లవారుఝామున లేపే గంట కొట్టింది మొదలు సిక్ రూమ్ ముందు బారు కడతారు. జ్వరం, గజ్జి, చెవిపోటు, వాంతులు, నెలసరి నొప్పి, రాత్రి మంచం మీంచి పడి చెయ్యి వాచిన పిల్ల. వీళ్ళు కాక ఏ జబ్బూ లేకుండా కడుపునొప్పని ఏడ్చే ఐదో తరగతి పిల్లలు. అది అమ్మ మీద బెంగ అని నర్సుకి తెలుసు. దానికి ఏ మాత్రా లేదు, పక్కన కూచోబెట్టుకోవాలి. కూచోబెట్టుకుంటే బారు కదలదు. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉన్న పిల్లలకి ఎముకల్లో, కీళ్ళలో భరించలేని నొప్పి వస్తుంది. పైకి ఏమీ కనబడదు. బడి ఎగ్గొట్టడానికి సాకు అనుకుని వెనక్కి పంపితే ప్రాణం మీదికి రావచ్చు. ఏది బెంగో, ఏది సాకో, ఏది ప్రమాదమో రెండు నిమిషాల్లో తేల్చుకోవాలి. తేల్చడానికి డాక్టరు లేడు. సొంతంగా మందు రాసే అధికారం ఆమెకు లేదు. పెద్దాస్పత్రికి పంపాలంటే ప్రిన్సిపాల్ ఒప్పుకోవాలి. ఇక ఐరన్ మాత్రలు మింగించడం, ఫిబ్రవరిలో ఆగస్టులో నులిపురుగుల మాత్రలు పంచడం, ఆరోగ్య పరీక్షల లెక్కలు రాయడం, అడిగినప్పుడల్లా ఆ లెక్కలు ఫోన్లో ఎక్కించడం… ఇవన్నీ బారు తరిగాక చెయ్యాల్సినవి.

రాత్రి ఒంటిగంటకి ఒక పిల్లకి ఫిట్స్ వచ్చాయనుకుందాం. 108 వస్తుంది. పిల్లతో పాటు ఎవరెళ్ళాలి? నర్సే. ఆస్పత్రిలో తెల్లారేదాకా ఆమె బెంచీ మీద కూచుంటే, మిగిలిన 639 మందికి ఎవరూ లేరు. అదే రాత్రి ఇంకో పిల్లకి వాంతులైతే 'డ్యూటీలో లేదు' అన్న మాట ఆమె మీదికే వస్తుంది. వెళ్ళకపోతే వెళ్ళలేదని. ఇలాంటి చోట మనిషికి రక్తపోటు పెరగడం, నిద్ర పట్టకపోవడం ఆమె మనోదౌర్బల్యం కాదు. బాధ్యత మొత్తం ఒకరికీ అధికారం మొత్తం ఇంకొకరికీ పంచిన ఏర్పాటు ఫలితమది.

విమర్శలన్నీ ఒక తీరువి కావు. దినం కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి, నీరసించిన కూతుర్ని చూసిన తల్లి నర్సు మీద అరుస్తుంది. ఆ కోపానికి హక్కుంది. ఆమె ముందు అరవగలిగింది ఈ మనిషి ఒక్కతే. అలాగే నెలసరి నొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లని 'నాటకాలాడకు' అని కసిరే నర్సులూ లేకపోలేదు. అలాంటప్పుడు పిల్ల పక్షానే నిలబడాలి. నర్సు కూడా ఆడదే కదా అని ఆ మాటని మాఫీ చెయ్యనక్కర్లేదు. కానీ 'ప్రతి చిన్నదానికీ ఆస్పత్రికి పంపి బడి పరువు తీస్తున్నావు' అనే పై అధికారి మాట విమర్శ కాదు, బెదిరింపు. ఆ బెదిరింపుకి లొంగి ఒక రోజు ఆలస్యం చేస్తే రేపు శిక్ష పడేది మాట అన్న మనిషికి కాదు.

పనికిమాలిన మూడో రకం ఒకటుంది. అర్ధరాత్రి అంబులెన్సులో వెళ్ళి పొద్దున వచ్చిందని స్టాఫ్ రూములో నవ్వుకోవడం. నర్సు నడవడిక మీద మాట విసిరే అలవాటు మన సమాజానికి కొత్తది కాదు. పరాయి ఒళ్ళు తాకే పనిని మైల పనిగా చూసిన కులం కళ్ళూ, రాత్రి పూట పనిచేసే ఆడదాన్ని అనుమానంగా చూసిన మగ కళ్ళూ ఇక్కడ కలుస్తాయి. పని స్థలంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం కాంట్రాక్టు ఉద్యోగినులకీ వర్తిస్తుంది. పనిమీద వెళ్ళిన చోటు, యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా ఆ చట్టం దృష్టిలో పని స్థలమే. పదిమంది సిబ్బంది ఉన్న ప్రతి బడిలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఉందా అని అడిగి చూడండి.

అన్నిటికన్నా బరువైనది ఇంకొకటి. టీచరుకి చెప్పలేనిది, ఇంట్లో చెప్పలేనిది పిల్లలు సిక్ రూమ్‌లో చెప్తారు. ఒక పిల్ల తన మీద జరిగిన అఘాయిత్యం గురించి నోరు విప్పిందంటే, 2012 పోక్సో చట్టం ప్రకారం ఆ విన్న మనిషి పోలీసులకి తెలియజెయ్యాలి. దాచిపెడితే ఆరు నెలల దాకా జైలు. సంస్థని నడిపేవాళ్ళు తమ కింది ఉద్యోగి నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా. 'ముందు మనలో మనం మాట్లాడుకుందాం' అని ప్రిన్సిపాల్ అన్నా నర్సు బాధ్యత తీరదు. నిజాయితీగా సమాచారం ఇచ్చినవాళ్ళ మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ కేసు నిలవదని 19వ సెక్షనే చెప్తోంది. అయితే కాంట్రాక్టు పొడిగించకుండా ఇంటికి పంపడాన్ని ఆ సెక్షను ఆపలేదు. అక్కడే ఆమెకి బయటి మనుషులు కావాలి.

ఒత్తిడి తగ్గించుకోవడానికంటూ శిక్షణ తరగతులు పెడతారు. కళ్ళు మూసుకోమంటారు, ఊపిరి లెక్కపెట్టమంటారు. చెడ్డదేమీ కాదు. మనసు మరీ కుంగినప్పుడు 14416కి ఫోన్ చేసి మాట్లాడటం కూడా మంచిదే. కానీ ఊపిరి లెక్కపెడితే రెండో నర్సు రాదు కదా! ఆమెకి నిజంగా ఆసరా అయ్యేది కాగితం. ఎన్ని గంటలకి పిల్ల వచ్చింది, జ్వరం ఎంతుంది, ఆస్పత్రికి పంపాలని ఎప్పుడు చెప్పింది, ఎవరు ఏమన్నారు. రిజిస్టర్లో అప్పటికప్పుడు రాసి, నీళ్ళ గురించి, వంటగది గురించి ప్రిన్సిపాల్‌కి ఉత్తరం ఇచ్చి, నకలు తన దగ్గర పెట్టుకోవాలి. నోటిమాట విచారణలో నిలబడదు. ఆ తర్వాత తోటి నర్సులు. ఒక్కో బడిలో ఒక్కతే కాబట్టి తన బాధ తన ఒక్కదానిదే అనుకుంటుంది. ఒక మండలంలోని నలుగురు నెలకోసారి కలిస్తే అదే మాట నాలుగు నోళ్ళలో వినిపిస్తుంది. తెలంగాణలో 2024 డిసెంబరులో సమగ్ర శిక్షా కాంట్రాక్టు ఉద్యోగులు సమ్మెకి దిగినప్పుడు కస్తూర్బా విద్యాలయాల సిబ్బంది కూడా రోడ్డు మీదికి వచ్చారు.

నిజనిర్ధారణకి హాస్టళ్ళకి వెళ్ళే మిత్రులు, తల్లిదండ్రుల తర్వాత నర్సుతో విడిగా, ప్రిన్సిపాల్ లేని చోట మాట్లాడాలి. ఆ రోజు నువ్వెక్కడున్నావని కాదు, అంతకు ముందు నువ్వు రాసిచ్చిన కాగితాలేమయ్యాయని అడగాలి. నివేదికలో నర్సుల సంఖ్య, పిల్లల సంఖ్య పక్కపక్కన రాయాలి. ఆమె సస్పెన్షన్ డిమాండు చేసే ముందు బియ్యం కాంట్రాక్టు ఎవరిదో, నీళ్ళ పరీక్ష ఆఖరిసారి ఎప్పుడు జరిగిందో తెలుసుకోవాలి. జూన్ 12న బళ్ళు తెరుస్తారు. ఆలోపు ప్రతి జిల్లాలో ఐటీడీఏకి, గురుకుల సొసైటీకి, విద్యాశాఖకి మనం ఇవ్వాల్సిన వినతిపత్రంలో మొదటివి రెండు. రాత్రి పూట రెండో నర్సు, పిల్లని ఆస్పత్రికి పంపే నిర్ణయం ప్రిన్సిపాల్ సంతకం కోసం ఆగకుండా నర్సే తీసుకునే రాతపూర్వక ఉత్తర్వు.