పైలట్ కొలువు, టీకా షరతు



ప్రకాశం జిల్లా నుండి ఒక సోదరి గత నెల రాసిన ఉత్తరం నా ముందున్నది. వారి పెద్ద కుమారుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష రాసి, వైమానిక దళంలో పైలట్ కావాలన్నది అతని చిరకాల కోరిక. ఇంటిల్లిపాదీ సంతోషించారు, అతని చిన్నాన్న తప్ప. అమెరికాలో టీకా వేయించుకోనందుకు యుద్ధవిమాన పైలట్లను సైతం ఇంటికి పంపించారనీ, సైన్యంలో అడుగుపెట్టిన నాటి నుండి మన దేహం మనది కాదనీ ఆయన కుర్రవాడికి కొన్ని వీడియోలు చూపించారట. కుర్రవాడు దరఖాస్తు నింపి కూడా సమర్పించకుండా ఆగిపోయాడు. “చిన్నాన్న చెప్పేది నిజమేనా? నిజమైతే బిడ్డను పంపవచ్చునా?” అని ఆ తల్లి అడుగుతున్నారు.

చిన్నాన్న చెప్పినదానిలో సగం నిజమున్నది. ముందుగా ఆ సగం.

2021 ఆగస్టు 24న అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ సైనికులందరికీ కోవిడ్ టీకా తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు జారీ చేశారు. వైమానిక దళంలో పూర్తికాల ఉద్యోగులకు నవంబరు 2 గడువు. అత్యధికులు వేయించుకున్నారు. నిరాకరించిన వారిలో 8,000 మందికి పైగా అన్ని దళాల నుండి తొలగింపబడ్డారు. మత విశ్వాసం కారణంగా మినహాయింపు కోరుతూ వైమానిక దళానికి దాదాపు 10,000 అభ్యర్థనలు వచ్చాయి. అందులో మంజూరైనవి సుమారు 135. అవి కూడా అప్పటికే ఉద్యోగం వదలబోతున్న వారికే దక్కాయని ఒక అప్పీలు న్యాయస్థానం 2022 నవంబరులో ఎత్తిచూపింది. వైద్య కారణాల మీదనైతే మినహాయింపులు వేల సంఖ్యలో ఇచ్చారు. శరీరపు సాకును నమ్మి, అంతరాత్మ మాటను నమ్మకపోవడమేమిటని అభ్యర్థులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. చివరకు అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం వల్ల 2023 జనవరి 10న ఆ నిబంధన రద్దయింది. 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్, తొలగింపబడిన వారిలో తిరిగి రాదలచిన వారిని పాత హోదాతో, బకాయి జీతంతో చేర్చుకోవాలని ఆదేశించారు. ఒక ప్రభుత్వం తీసివేసిన వారిని మరొక ప్రభుత్వం పిలిచింది. ఈ నడుమ పోయిన సంవత్సరాలు, ఎగరని గంటలు ఏ ఉత్తర్వుతోనూ తిరిగిరావు.

అయితే ఈ విషయంలో మనం నేర్చుకోదగినది ఇంకా వెనుక, చాలామంది మరచిపోయిన మరొక ఉదంతంలో ఉన్నది. అది ఆంత్రాక్స్ టీకా వివాదం. మన పల్లెల్లో పశువులకు వచ్చే దొమ్మరోగమే ఆంత్రాక్స్. విదేశాల నుండి వచ్చే మేక వెంట్రుకలు, ఉన్ని, తోళ్ళతో పనిచేసే మిల్లు కార్మికులకు అది సోకేది. వారి రక్షణ కోసం తయారైన టీకాకు అమెరికాలో 1970లో అనుమతి లభించింది. అంటే ఇది పుట్టుకతో సైనికుల టీకా కాదు, కార్మికుల టీకా. గల్ఫ్ యుద్ధం తరువాత, శత్రువు ఈ క్రిమిని పొడి రూపంలో గాలిలో చల్లితే ఏమిటన్న భయం కలిగింది. 1997 డిసెంబరులో రక్షణ మంత్రి విలియం కోహెన్ సుమారు 24 లక్షల మంది సైనికులకు దీనిని వేయిస్తామని ప్రకటించారు. మరుసటి సంవత్సరం పని మొదలయింది. పద్దెనిమిది నెలలలో ఆరు మోతాదులు, ఆపైన ఏటేటా ఒకటి.

కనెక్టికట్ రాష్ట్రపు ఎయిర్ నేషనల్ గార్డులో ఏ-10 యుద్ధవిమానాలు నడిపే దళం ఒకటుండేది. ఇటువంటి గార్డు పైలట్లు చాలామంది వారంలో కొన్ని రోజులు పౌర విమాన సంస్థలలో ప్రయాణికుల విమానాలు నడుపుతారు, మిగిలిన రోజుల్లో యూనిఫాం వేసుకుంటారు. అక్కడి అధికారి, టీకా గురించి మంచిచెడ్డలు విచారించి చెప్పండని తన పైలట్లలోనే కొందరికి పని అప్పగించారు. వారు కాగితాలు తిరగేశారు. టీకా తయారయ్యే మిషిగన్ ప్రయోగశాల తీరుపై ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అప్పటికే తీవ్రంగా హెచ్చరించి ఉన్నదని తెలిసింది. శ్వాస ద్వారా సోకే ఆంత్రాక్స్‌కు ఈ మందు ఎంతవరకు పనిచేస్తుందన్న దానిపై స్పష్టత లేదని గమనించారు. వారి ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానం రాలేదు. 1999 ఆరంభంలో ఎనిమిది మంది పైలట్లు దళాన్ని విడిచిపెట్టారు. వారు రాజీనామా చేయగలిగారు. పూర్తికాల సైన్యంలో ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ నిరాకరణ అంటే శిక్ష, కొన్ని సందర్భాలలో కోర్టు మార్షల్. 2002లో అమెరికా ప్రభుత్వపు లెక్కల తనిఖీ సంస్థ గార్డు, రిజర్వు పైలట్ల మీద జరిపిన సర్వేను ప్రచురించింది. దళం విడిచిన లేదా మారిన వారు చెప్పిన ముఖ్య కారణాలలో ఈ టీకా ఒకటని అందులో ఉన్నది.

ఒక యుద్ధవిమాన పైలట్‌ను తీర్చిదిద్దడానికి ఏళ్ళు పడుతుంది. అమెరికా వైమానిక దళంలో పైలట్ శిక్షణ ముగిసిన తరువాత పదేళ్ళు సేవ చేస్తానని ఒప్పుకోవలసిందే. అంతటి ఖర్చుతో తయారైన మనుషులను, ఓపికగా సమాధానం చెప్పకపోవడం వల్ల పోగొట్టుకోవడం నాకు వింతగా తోస్తుంది.

2003లో పేర్లు బయటపెట్టని ఆరుగురు వ్యాజ్యం వేశారు. ఆ సంవత్సరం డిసెంబరులోనూ, తిరిగి 2004 అక్టోబరులోనూ న్యాయమూర్తి ఎమెట్ సలివాన్ నిర్బంధ టీకాను నిలిపివేశారు. శ్వాస ద్వారా సోకే ఆంత్రాక్స్ విషయంలో టీకా అనుమతి ప్రక్రియ సక్రమంగా పూర్తికాలేదని, అటువంటప్పుడు సైనికుని సమ్మతి గాని అధ్యక్షుని ప్రత్యేక ఉత్తర్వు గాని ఉండాలని తీర్పు. నియంత్రణ సంస్థ 2005 డిసెంబరులో ఆ ప్రక్రియ పూర్తిచేసింది. తరువాత కొన్ని విధులలో ఉన్నవారికి టీకా మళ్ళీ తప్పనిసరి అయింది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2002లో ఈ టీకాను పరిశీలించి, అది పనిచేస్తుందని, భద్రత విషయంలో అంగీకరించదగినదేనని తేల్చింది. అంతకు ముందు సంవత్సరమే తపాలాలో వచ్చిన ఆంత్రాక్స్ పొడి వల్ల అమెరికాలో ఐదుగురు మరణించారు. కనుక ముప్పు కల్పన కాదు. మందు విషమూ కాదు. వ్యాజ్యం వేసినవారు గెలిచింది టీకా చెడ్డదని కాదు. నిబంధన పెట్టేవాడు ముందు తాను నిబంధనలు పాటించాలని. వీడియోలు చేసేవారు ఈ తేడాను చెప్పరు. చెబితే చూసేవారు తగ్గుతారు కాబోలు.

ఇక పైలట్ దేహం సంగతి. మిగతా ఉద్యోగాలలో ఆరోగ్యం ఒక అర్హత మాత్రమే, ఇక్కడ అదే పనిముట్టు. మన వైమానిక దళంలో ఫ్లయింగ్ శాఖకు కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. కాలి పొడవు 99 నుండి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. కాక్‌పిట్‌లో పెడళ్ళు అందాలి, ప్రమాదంలో సీటుతో సహా బయటకు ఎగిరిపడేటప్పుడు మోకాళ్ళు తగలకూడదు. మామూలు జలుబును మనం లెక్కచేయము. ముక్కు బిగిసిన పైలట్ వేగంగా కిందికి దిగితే చెవిలోని ఒత్తిడి సమం కాక విపరీతమైన నొప్పితో అల్లాడిపోతాడు. అందుకే 2021లో మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డి.జి.సి.ఏ., కోవిడ్ టీకా వేయించుకున్న పైలట్లు 48 గంటలపాటు విమానం నడపరాదని ఆదేశించింది. టీకా వేయించుకోమన్న వ్యవస్థే, వేయించుకున్నాక రెండు రోజులు నేలమీద ఉండమన్నది. జాగ్రత్త రెండు వైపులా ఉన్నది.

దీనికి మరొక ముఖం ఉన్నది. వైద్య పరీక్షలో తప్పితే ఎగిరే అవకాశం పోతుందన్న భయంతో తలనొప్పిని, నిద్రలేమిని, మనోవేదనను డాక్టరుకు చెప్పకుండా దాచే పైలట్లు అన్ని దేశాలలోనూ ఉన్నారు. టీకా వద్దని బహిరంగంగా చెప్పి రాజీనామా చేసినవాని కంటె, లోపల జబ్బు దాచుకొని విమానం ఎక్కినవాడు ఎక్కువ ప్రమాదకారి. మొదటివాడు తన జీవనోపాధిని పణం పెట్టాడు, రెండవవాడు ఇతరుల ప్రాణాలను.

మన చరిత్రలో సైన్యానికి, ఆరోగ్య ఆదేశానికి సంబంధించిన సంఘటన లేకపోలేదు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరేసరికి అక్కడ ప్లేగు వ్యాపించిందన్న వార్త అందింది. సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ విధి నుండి పారిపోవడం కాదా ఇది అని సేనాపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి) నేరుగా అడిగారు. ఖలీఫా కోపగించి పదవి నుండి తీసివేయలేదు. పచ్చిక ఉన్న వైపు ఒంటెలను మేపినా, బీడు వైపు మేపినా అదీ అల్లాహ్ విధిలోనిదేనని ఉపమానంతో వివరించారు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళరాదు, ఉన్న ఊరి నుండి పారిపోరాదు అన్న దైవప్రవక్త (సఅసం) ఆదేశాన్ని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి తెలిపిన తరువాత సందేహం తొలగింది. తదుపరి ఖలీఫా అబూ ఉబైదాను మదీనాకు రమ్మని లేఖ రాశారు. తన సైనికులను విడిచి రాలేనని ఆయన సవినయంగా తెలియజేశారు. అప్పుడు వచ్చిన ఆదేశం సైన్యాన్ని ఎత్తైన, గాలి మంచిదైన ప్రదేశానికి తరలించమని. ఆయన దానిని పాటించారు, ఆ ప్లేగులోనే మరణించారు. తనకు మాత్రమే మేలు చేసే ఆదేశాన్ని వద్దన్నారు, అందరికీ మేలైనదాన్ని శిరసావహించారు.

టీకా అనగానే హలాల్, హరామ్ ప్రశ్న వస్తుంది. కోవిడ్ సమయంలో, పంది నుండి తీసిన జెలటిన్ ఉన్నా సరే, ప్రత్యామ్నాయం లేనప్పుడు టీకా అనుమతించబడినదేనని 2020 డిసెంబరులో యు.ఏ.ఇ. ఫత్వా మండలి ప్రకటించింది. ఇండోనేషియా ఉలమా మండలి 2018లో ఒక తట్టు టీకా విషయంలో ఇటువంటి నిర్ణయమే చేసింది: పదార్థం హరామ్ అయినా, అవసరం దృష్ట్యా వాడవచ్చునని. అంతెందుకు, మన ఇళ్ళలో హజ్‌కు వెళ్ళిన పెద్దలను అడగండి. మెనింజైటిస్ టీకా వేయించుకోకుండా ఎవరైనా విమానం ఎక్కారా? 1987 హజ్‌లో ఆ వ్యాధి ప్రబలిన తరువాత సౌదీ ప్రభుత్వం ఆ టీకాను తప్పనిసరి చేసింది. 2000, 2001లలో వ్యాధి మరొక రకం రూపంలో తిరిగి రాగా, నాలుగు రకాలకు పనిచేసే టీకాను కోరింది. నాంపల్లి హజ్‌హౌస్‌లో, జిల్లాల శిబిరాలలో బారులు తీరి చేయి చాచినవారిలో ఈ చిన్నాన్నగారి పెద్దలూ ఉండి ఉంటారు.

మన దేశపు చట్టం సంగతికి వస్తే, 2022 మే 2న సుప్రీంకోర్టు, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకొమ్మనరాదని, దేహంపై హక్కు రాజ్యాంగపు 21వ అధికరణలో భాగమని తీర్పునిచ్చింది. ప్రజారోగ్యం కోసం పరిమితులు విధించే అధికారం ప్రభుత్వానికి ఉన్నదని, అవి అవసరానికి తగిన మోతాదులో ఉండాలని కూడా అన్నది. వైమానిక దళంలో మాత్రం పద్ధతి కఠినం. 2021లో జామ్‌నగర్‌లో పనిచేసే ఒక కార్పొరల్ టీకా నిరాకరించి, షోకాజ్ నోటీసుపై గుజరాత్ హైకోర్టుకు వెళ్ళాడు. దేశమంతటా నిరాకరించిన వారు తొమ్మిది మంది అని, నోటీసుకు బదులివ్వని ఒకరిని తొలగించామని, దళంలో అది సేవా నిబంధన అని ప్రభుత్వం న్యాయస్థానానికి చెప్పింది. చిన్నాన్నగారి భయంలో మనకు వర్తించే భాగం ఇంతే.

ఉత్తరం చివర ఆ సోదరి గడ్డం గురించి కూడా అడిగారు. దాచను: 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు, వైమానిక దళంలో ముస్లిం ఉద్యోగి గడ్డం పెంచుకోవడానికి నిబంధనలు అనుమతించవని తీర్పు చెప్పింది. నాకు ఆ తీర్పు బాధ కలిగించింది. టీకాతో రాజీపడడం నాకు సులువు, దీనితో కష్టం. కొందరు దీన్ని భరించలేక ఆ కొలువు వద్దనుకుంటారు, వారిని తప్పుపట్టను. హైదరాబాద్‌లో పుట్టి, 1942లో వైమానిక దళంలో చేరి, దేశ విభజన వేళ ఇక్కడే ఉండిపోయి, 1978లో ఆ దళానికే అధిపతి అయిన ఇద్రీస్ హసన్ లతీఫ్ వంటివారూ ఉన్నారు. అబ్బాయి ఏ బాట ఎంచుకున్నా, గడ్డం సంగతి తెలిసి ఎంచుకోవాలి. చేరిన తరువాత తెలిసి ఏడవకూడదు.

ఎన్.డి.ఏ. పరీక్ష ఏటా రెండుసార్లు జరుగుతుంది, తొందర లేదు. పైలట్ యోగ్యత పరీక్ష మాత్రం జీవితంలో ఒక్కసారే. అందులో తప్పితే ఫ్లయింగ్ శాఖ తలుపు మళ్ళీ తెరుచుకోదు. కనుక సగం మనసుతో వెళ్ళవద్దు. ఈలోగా అతని చిన్ననాటి టీకాల కార్డు వెతికి ఉంచండి, కంటి పరీక్ష చేయించండి. మునుపటి జబ్బు ఏదైనా ఉంటే వైద్య పరీక్షలో దాచవద్దని చెప్పండి. చిన్నాన్నగారికి నా సలాం. కనెక్టికట్ పైలట్ల సంగతి ఆయన వీడియోలలో ఉన్నదో లేదో వారే స్వయంగా రాస్తే సంతోషిస్తాను.