అమ్మ పరుపు ఓసారి తిప్పి చూడండి

నల్లుల మీద సంపాదకీయమా అని నవ్వు రావచ్చు. శివుడు కొండమీదా, విష్ణువు శేషుడిమీదా పడుకున్నది నల్లులబాధ పడలేకే అని చాటువు చెప్పుకుని నవ్వుకున్నవాళ్లమే మనం. కానీ విజయవాడలోనో, గుడివాడలోనో వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దవాళ్లకి ఇది నవ్వులాట కాదు.

పిల్లలు అమెరికాలోనో, హైదరాబాదులోనో ఉంటారు. రాత్రిళ్లు నిద్ర లేదన్న మాట ఫోనులో చెప్పరు. చెబితే ఆశ్రమంవాళ్లకి కోపమొస్తుందేమో, గది ఖాళీ చేయమంటారేమోనని భయం. పైగా వయసు మీదపడ్డవాళ్లలో చాలామందికి నల్లి కుట్టినా దద్దురు లేవదు. లేచినా సుగరువల్ల దురద అనుకుని ఆయింట్‌మెంట్ రాసి ఊరుకుంటారు. అందుకే ఒంటినే కాదు, మంచాన్నీ చూడాలి.

ఈసారి వెళ్లినప్పుడు పళ్లసంచి పక్కనపెట్టి, పరుపు అంచులు తిప్పండి. కుట్టు వెంబడి పెన్నుతో పెట్టినట్టు నల్లటి చుక్కలు, ఊడిన పొట్టు, దిండు గలీబుమీద రక్తపు మరకలు కనిపిస్తే నల్లులున్నట్టే. మంచం సందులు, మేకుల బెజ్జాలు, వీల్‌చైర్ సీటు మడతలూ వదలొద్దు.

నల్లి మురికికి పుట్టదు. ఎవరి పెట్టెలోనో, పుణ్యానికని మనమిచ్చే పాత పరుపులోనో వస్తుంది. (పుట్టినరోజుకీ, తద్దినానికీ ఆశ్రమాలకి పాత సామాను పంపేవాళ్లు వింటున్నారా?) ఆయమ్మని తిట్టీ, కొత్తగా చేరిన మామ్మగారిని వేలెత్తి చూపీ లాభంలేదు. తిట్లు తిన్న ఆయమ్మ రెండోసారి కనిపిస్తే నోరు విప్పదు. నల్లి రోగాలు అంటించదంటారు డాక్టర్లు. నిజమే, కానీ నెలల తరబడి నిద్ర లేకపోతే ఆ వయసులో మనిషి ఏమైపోవాలి?

మన అమ్మమ్మలు నవారు విప్పి, మంచం ఎండలో వేసి, సందుల్లో మరిగే నీళ్లు పోసేవారు. అందులో శాస్త్రం ఉంది. 50 డిగ్రీలు దాటిన వేడికి నల్లీ, గుడ్డూ రెండూ చస్తాయి. దుప్పట్లు గదిలోనే సంచిలో మూటకట్టి తీసుకెళ్లి వేడినీళ్లలో వేయాలి. దూది పరుపుకి మాత్రం ఎండ ఒక్కటే చాలదు, లోపలికి వేడి ఎక్కదు. మనిషిని పక్కగదికి మారిస్తే నల్లులూ ఆవిడవెంటే వెళతాయి. అటూ ఇటూ గదులు అదేరోజు చూడాలి. మందు కొట్టించినా మిగిలిన గుడ్లు వారం పదిరోజుల్లో పిల్లలవుతాయి కనక రెండువారాలకి మళ్లీ కొట్టాల్సిందే.

డీడీటీకే ఎప్పుడో అలవాటుపడ్డ పురుగిది, మామూలు స్ప్రేలకి లొంగదు. లొంగలేదని కొందరు మినుముల నిల్వకి వాడే గ్యాస్ మాత్రలు గదిలో పెడతారు. ఎంతమాత్రం వద్దు. గాలిలో తేమ తగిలితే అవి ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. పక్కగదిలో పడుకున్నవాళ్లనీ అది చంపగలదు. దానికి విరుగుడు లేదు. చేలో కొట్టే మందులూ, కిరోసినూ అంతే.

చేర్పించేటప్పుడు నెలకెంతని అడిగాం కదా. పరుపులు చివరిసారి ఎప్పుడు విప్పి చూశారో, మందు రెండోసారి కొట్టారో లేదో కూడా మేనేజరునే అడగండి. అమ్మనడిగితే ‘బానే ఉందే’ అంటుంది.