వృద్ధుల గుండెకు నడక ఒక్కటే చాలునా?

అమెరికాలోని తెలుగు కుటుంబాలలో వృద్ధులైన తల్లిదండ్రులు ఉదయ సాయంత్రాలలో నడకకు వెళ్లడం సర్వసాధారణం. ఇది అభినందనీయమే. కాని గుండె ఆరోగ్యానికి నడక ఒక్కటే చాలునన్న నమ్మకమూ, బరువులెత్తడం యువకుల పని అన్న అభిప్రాయమూ పునరాలోచించదగినవి.

శ్రమకూ గుండెకూ గల సంబంధం కొత్తగా తెలిసినది కాదు. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించి, కూర్చుని బండి నడిపే డ్రైవర్ల కంటె మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లిచ్చే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువని వెల్లడించాడు. వడిగా నడవడం, ఈత, సైకిలు తొక్కడం వంటి ఏరోబిక్ వ్యాయామాలు గుండె సామర్థ్యాన్ని పెంచి రక్తపోటును తగ్గిస్తాయి.

అయితే వయస్సు పైబడిన కొద్దీ కండరాలు క్షీణిస్తాయి. భోజనానంతరం రక్తంలో చేరే చక్కెరను అధికభాగం గ్రహించేవి అవే. అవి సన్నగిల్లితే మధుమేహమూ, దాని వెంట గుండె జబ్బూ సమీపిస్తాయి. ఈ రెండింటి ముప్పు దక్షిణాసియా సంతతివారికి మరింత అధికం.

క్షీణించిన బలాన్ని తిరిగి పొందవచ్చునా? 1990లో ప్రచురితమైన బోస్టన్ పరిశోధనలో తొంభయ్యేళ్ల ప్రాయపు వృద్ధులు ఎనిమిది వారాలు శిక్షణ పొందగా, వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. గుండె విషయానికి వస్తే, అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 35-70 ఏళ్ల నడుమ గల, అధిక బరువూ రక్తపోటూ ఉన్న 406 మందిపై ఒక సంవత్సరం జరిపిన అధ్యయనం 2024లో వెలువడింది. వ్యాయామ సమయంలో సగం ఏరోబిక్‌కు, సగం బరువులకు కేటాయించినవారికి, అంతా ఏరోబిక్‌కే వెచ్చించినవారితో సమానంగా గుండె జబ్బు కారకాలు తగ్గాయి. కండబలం అదనపు లాభం. బరువులు మాత్రమే ఎత్తినవారికి గుండె విషయంలో అంతటి ఫలం దక్కలేదు. కనుక ఒకటి రెండవదానికి తోడే గాని బదులు కాదు.

వారానికి 150 నిమిషాల వడి నడక, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. చేతుల ఊతం లేకుండా కుర్చీలోనుండి లేవడం, గోడను నెట్టడం, చిన్న డంబెల్స్ ఎత్తడం వంటివి ఆరంభానికి చాలును. ఊపిరి బిగబట్టరాదు. గుండె జబ్బు, అదుపులేని రక్తపోటు గలవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

పెద్దలను ఏ పనీ చేయనీయక కూర్చోబెట్టడమే గౌరవమని సంతానం భావిస్తున్నది. ఆ ప్రేమ వారి కండబలాన్ని హరిస్తున్నదని గుర్తించాలి. కూరగాయల సంచిని వారి చేతనే మోయించడం అపచారం కాదు, ఆయుష్షుకు ఉపచారమే.