పదకొండు నెలల కాపురం

మొన్న ఆదివారం మా ఓనరుగారు పైనుంచి దిగి వచ్చి, "అమ్మా, వచ్చే నెలతో అగ్రిమెంటు అయిపోతోంది, ఇల్లు చూసుకోండి" అన్నారు. ఎందుకండీ అంటే, "ఏం లేదమ్మా, అయిపోయింది కదా" అన్నారు. అంతే. మా చిన్నదానికి మార్చిలో పదో తరగతి పరీక్షలు. స్కూలు రెండు వీధుల అవతలే. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఇది ఏడో ఇల్లు, బెంగుళూరులో మూడోది. మళ్ళీ డబ్బాలు, మళ్ళీ గ్యాసు, మళ్ళీ ఆధార్‌లో అడ్రసు!

అసలీ పదకొండు నెలల లెక్క ఎక్కడిది? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుని రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ, తిరుగుడూ ఎందుకని ఒక నెల తగ్గించి రాసుకోవడం మనకి అలవాటైపోయింది. 2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంది, గడువు మధ్యలో చట్టంలో ఉన్న కారణం లేకుండా ఖాళీ చేయించకూడదంది. బాగానే ఉంది. కానీ ఆ గడువెంతో మీరూ మీరూ రాసుకోండి అని వదిలేసింది. మళ్ళీ పదకొండే.

ఇంగ్లండులో ఉన్న మా పిన్ని కూతురితో ఈ గోడు చెప్పుకుంటే, అక్కడ 2026 మే 1 నుంచి అద్దెకి గడువనేదే తీసేశారంది. అద్దెకున్నవాళ్ళు రెండు నెలల ముందు చెప్పి వెళ్ళిపోవచ్చట. ఓనరు మాత్రం చట్టంలో ఉన్న కారణం చూపించాలి. ఇల్లు అమ్ముకోవాలన్నా, తామే ఉండాలన్నా మొదటి ఏడాది కుదరదు, ఆ తర్వాతైనా నాలుగు నెలల ముందు నోటీసివ్వాలి.

అది విన్నాక నాకు తట్టింది. మనకి కావలసింది పదకొండు బదులు ఇరవైరెండు కాదు. "ఎందుకు" అన్నదానికి జవాబు, సామాను సర్దుకునేంత వ్యవధి.

రాజమండ్రిలో మా అమ్మ కింద వాటా అద్దెకిస్తుంది. ఆవిడ భయం ఆవిడది. "అద్దె ఎగ్గొట్టి కూర్చుంటే ఒంటరి ముసలిదాన్ని, నేనేం చెయ్యగలనే?" అంటుంది. నిజమే. అద్దె బకాయి పడితే అక్కడా అది కారణమే. అలాంటి కేసు త్వరగా తేలాలి కూడా. కానీ నెలనెలా అయిదో తారీఖులోపు అద్దె ఇచ్చేవాళ్ళని పొమ్మనడానికి కేలండరు చాలదు కదా!

"మరి నువ్వేం రాస్తున్నావమ్మా కాగితంలో?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కిందవాళ్ళ అబ్బాయి ఇంటరు అయ్యేదాకా కదపనులే" అంది.

రేపు పొద్దున్నే మెట్లెక్కి ఓనరుగారిని ఏప్రిల్ దాకా అడుగుతాను. అడగడానికి నా దగ్గర కారణముంది. ఆయన దగ్గరేముందో చూడాలి.